3,500 కట్టి హైదరాబాద్ పోయి అద్దాల తలుపు చూసొచ్చాం. ఐవీ అంటే ఇదేనా?

పెన్నా_గట్టు
సీఎస్ఈ మూడో సంవత్సరం. కాలేజీ నెల్లూరు పక్కనే, పేరొద్దు. పోయిన వారం ఇండస్ట్రియల్ విజిట్ (ఐవీ) అని, కంపెనీ చూపిస్తామని హైదరాబాద్ తీసుకెళ్ళారు. తలకి 3,500. యాభై రెండు మందిమి, ముగ్గురు సార్లు, ఒక మేడమ్. సాయంత్రం సింహపురి ఎక్కితే తెల్లారకముందే సికింద్రాబాద్‌లో దించేసింది. లాడ్జిలో నాలుగు గదులు. అందరం స్నానాలు చేసి, ఇస్త్రీ నలక్కూడదని బస్సులో సీట్లుండి కూడా నిలబడే గచ్చిబౌలి పోయాం. నేనైతే మా బావ పెళ్ళి బూట్లు అడిగి తీసుకోని ఏసుకున్నా.

గేటు కాడ గంటన్నర. ఆధార్ ఒరిజినల్ కావాలంట. జిరాక్స్ తెచ్చినోళ్ళు ఐదుగురు బయటే ఆగిపోయారు (వాళ్ళు పక్కన మాల్‌కి పోయి మాకంటే బాగా గడిపారు, అది వేరే కత). ఫోన్ కెమెరా మీద స్టిక్కర్ అంటించారు. లోపల ఏసీ హాల్లో కూర్చోబెట్టి హెచ్‌ఆర్ మేడమ్ నలభై నిమిషాలు పీపీటీ. మా విలువలు, మా ప్రయాణం, మేం నాటిన మొక్కలు. తర్వాత వరసగా నడిపించి ఒక అద్దాల తలుపు ముందు నిలబెట్టి "లోపల మా టీమ్స్ పనిచేస్తూ ఉంటాయి" అన్నారు. వీపులు కనపడ్డాయి.

నేనొక్కడినే లేచి అడిగా, కొత్తగా చేరినోళ్ళకి మొదటి వారం ఏం పనిస్తారండీ అని. "అది ప్రాజెక్టును బట్టి ఉంటుంది" అన్నారు. రెండోది అడగబోతే మా సారు చొక్కా పట్టుకోని కూర్చోబెట్టాడు. లోగో కాడ గ్రూప్ ఫోటో, పన్నెండు కాకముందే బయట. మిగతా ఒకటిన్నర రోజు ఫిల్మ్ సిటీ, ట్యాంక్‌బండ్.

ఒక్క స్క్రీన్ చూడలా. మూడేళ్ళ నించి చదివేది ఆ పని కోసమే గదా, అది ఎట్టుంటదో ఒక్కసారి కంటితో చూద్దామనుకున్నా. అందరికీ ఇట్టాగే జరిగిందా, మా కర్మేనా?

కావలి_కుర్రోడు
అందరికీ ఇంతే. మాకు వీపులు కూడా చూపించలా.

గూడూరు_నిమ్మకాయ
క్యాంటీన్లో ఏం పెట్టారు?

పెన్నా_గట్టు
సమోసా ఒకటి, జ్యూస్ ప్యాకెట్ ఒకటి.

గూడూరు_నిమ్మకాయ
3,500కి రెండు సమోసాలన్నా పెట్టాల.

అద్దంకి_బస్సు
ఐవీ అంటే ఫిల్మ్ సిటీ తమ్ముడూ. కంపెనీ అనేది ఇంట్లో డబ్బులు అడగడానికి. "టూరుకి 3,500 ఇయ్యి నాన్నా" అని అడిగి చూడు ఏమంటాడో.

ఏడో_అంతస్తు
నేను అట్టాంటి అద్దాల తలుపు లోపల వీపు చూపించే బాపతు. కోవూరు మాది, తొమ్మిదేళ్ళుగా హైదరాబాద్‌లో. చెప్తా, కోపం తెచ్చుకోవాకండి.

మీకు ఆ తలుపు తియ్యకపోవడానికి హెచ్‌ఆర్ మేడమ్‌కి మనసు లేక కాదు, ఆమె కార్డుకే ఆ తలుపు తెరుచుకోదు. దాన్ని ఓడీసీ అంటారు. ఒక క్లయింట్ పని కోసం విడిగా కట్టుకున్న గది లెక్క. క్లయింట్ ఏ బ్యాంకో, ఇన్సూరెన్స్ కంపెనీయో అయితే ఆ ప్రాజెక్టులో పేరున్నోడికి తప్ప ఎవడికీ లోపలికి దోవ లేదు, ఒప్పందంలో రాసుంటది. మా అంతస్తులోనే పక్క గదిలో ఎవరేం చేస్తారో తొమ్మిదేళ్ళుగా నాకు తెలీదు. కొన్ని ఓడీసీల్లో ఫోన్లు బయట లాకర్లో పెట్టి పోవాల. ఇంకొన్నిట్లో పెన్నూ కాయితం కూడా లోపలికి తీసుకుపోనియ్యరు. ఒకడు కార్డు గీకితే వాడి ఎనకాలే ఇంకొకడు దూరితే దానికో పేరుంది, టెయిల్‌గేటింగ్. పట్టుకుంటే మెయిలొస్తది, మేనేజర్‌కి కాపీ పెట్టి. యాభై రెండు మందిని ఎట్టా రానిస్తారు చెప్పు.

ఇంకోటి. రానిచ్చినా ఏం చూస్తావు? ఎదురుగా రెండు మానిటర్లు. ఒక దాంట్లో మెయిలు, ఇంకో దాంట్లో ఎవడో షేర్ చేసిన ఎక్సెల్. రోజులో రెండు గంటలు కోడ్ రాస్తే ఆరోజు మాకు పండగే.

కావలి_కుర్రోడు
మరి అట్టాంటప్పుడు ఐవీకి ఒప్పుకోడం ఎందుకన్నా? రావొద్దని చెప్తే పోలా?

ఏడో_అంతస్తు
అది హెచ్‌ఆర్ వాళ్ళ టార్గెట్ తమ్ముడూ. కాలేజీలతో సంబంధాలు అని ఒక లైను ఉంటది వాళ్ళకి. మీ ఫోటో వాళ్ళకీ కావాల.

సైబర్_టవర్స్_బాబాయ్
మీరన్నా లోపలికి పోయారు. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు మేం అమీర్‌పేటలో కోర్సులు నేర్చుకుంటున్న బ్యాచ్. ప్రధాని వాజ్‌పేయి వచ్చి ప్రారంభించారు. తర్వాత ఒక ఆదివారం నలుగురం బస్సు పట్టుకోని పోయి చూశాం. చుట్టూ బండలు, ముళ్ళ చెట్లు, మధ్యలో గుండ్రంగా పదంతస్తులు. రోడ్డవతల నిలబడి ఫోటో దిగి ఒంగోలుకి పోస్టులో పంపిస్తే, మా అమ్మ దాన్ని దేవుడి గూట్లో పెట్టింది. నేనందులో పనిచేస్తున్నా అనుకోని. లోపలికి పోయింది 2001లో, ఉన్నోళ్ళనే ఇంటికి పంపిస్తున్న రోజుల్లో. ఇంటర్వ్యూ అయిపోయినాక, అది చేసిన పిల్లాడే నన్నడిగాడు, మీకు తెలిసిన చోట ఏమన్నా ఖాళీలున్నాయా సార్ అని.

గూడూరు_నిమ్మకాయ
ఫోటో ఇప్పటికీ గూట్లోనే ఉందా బాబాయ్?

సైబర్_టవర్స్_బాబాయ్
ఉంది. పక్కన వెంకటేశ్వరస్వామి.

బాయిలర్_బాబు
మెకానికల్ వాళ్ళం ఇక్కడ కాలర్ ఎగరేస్తుండాం. మా ఐవీ కృష్ణపట్నం పక్కన నేలటూరు థర్మల్ స్టేషన్. కాలేజీ బస్సులోనే పోయాం, తలకి 200. హెల్మెట్ ఇచ్చి టర్బైన్ హాల్లోకి తీసుకుపోతే కాళ్ళ కింద నేల అదురుతుంది. ఒక్కో యూనిట్ 800 మెగావాట్లు, సూపర్ క్రిటికల్ బాయిలర్. పుస్తకంలో ఆ మాట పదిసార్లు చదివా, పక్కన నిలబడి తల పైకెత్తితే గానీ అదెంత ఎత్తో బుర్రకెక్కలా. మా సార్ అరిచి చెప్పినా వినపడలా, అయినా అర్థమైంది. మీ సాఫ్ట్‌వేర్‌లో చూడ్డానికి ఏముంది, కుర్చీలు తప్ప.

అద్దంకి_బస్సు
ఆ కుర్చీ 25 వేలు బాబూ. మీ హెల్మెట్ ఎంత?

షార్_పక్కిల్లు
ఈసీఈ అయితే మా షార్‌కి, అదే ఇస్రో రాకెట్ కేంద్రానికి రండి. శ్రీహరికోటలో రాకెట్ ఎగరడం చూసే లాంచ్ వ్యూ గ్యాలరీ 2019లో జనాలకి తెరిచారు. ఆన్‌లైన్లో పేరు నమోదు చేసుకోని ఐడీ కార్డు తెస్తే చాలు, ఊరికే. మన నెల్లూరు జిల్లాలో ఇంత పెట్టుకోని...

కావలి_కుర్రోడు
సూళ్ళూరుపేట 2022 నించి తిరుపతి జిల్లా అన్నా.

షార్_పక్కిల్లు
కాయితం మీద. పులుసు వాసన ఇంకా నెల్లూరిదే.

పొగాకు_బేళ్ళు
పెన్నా_గట్టు చెప్పింది అబద్ధం కాదు. కానీ ఐవీలన్నీ దండగ అన్నట్టు మాట్లాడుతుంటే నాకు ఒప్పడం లేదు. నాదీ చెప్తాను.

కొండపి దగ్గర పల్లె మాది. నాన్న పొగాకు వేస్తాడు. ఐవీకి పంపడానికి మూడు వారాలు బతిమాలాను. మేడమ్ ఇంటికి ఫోన్ చేసి మాట్లాడితే గానీ సరే అనలేదు. మాకూ ఇదే తంతు, పీపీటీ, అద్దాలు, ఫోటో. మా కంపెనీలో సమోసా కూడా లేదు. కానీ బయటికొచ్చే ముందు వాష్‌రూమ్ కాడ అమ్మాయిలం ఇరవై మందిమి క్యూ కట్టాం. అక్కడ మొహం కడుక్కుంటున్న ఒకక్క మా మాటలు విని "ఎక్కడ మీది, ప్రకాశమా?" అంది. ఆమెది పొదిలి. మాట తీరుని బట్టి పట్టేసింది.

పది నిమిషాలు ఆపకుండా అడిగాం. హాస్టల్‌కి ఎంత అవుద్దక్కా, రాత్రి పూట డ్యూటీ ఉంటదా, ఉంటే ఎట్టా ఇంటికి పోతావు, ఇంట్లో ఏమన్నారు, ఇంగ్లీష్ రాకపోతే నవ్వుతారా. అన్నిటికీ చెప్పింది. రాత్రి షిఫ్ట్ అయితే క్యాబ్ ఇస్తారంట, ఆఖర్న దిగేది ఆడపిల్లయితే ఆ బండిలో సెక్యూరిటీ మనిషి కూడా వస్తాడంట. మొదటి ఆర్నెల్లు మీటింగుల్లో నోరు మెదపలేదంట, రాసుకోని పోయి చదివేదంట.

ఇంటికొచ్చి నాన్నకి క్యాబ్‌లో సెక్యూరిటీ సంగతి చెప్పాను. ఏమీ అనలేదు. కానీ తెల్లారి అరుగు మీద కూర్చుని మా పెదనాన్నకి అదే మాట తాను కళ్ళారా చూసొచ్చినట్టు చెప్తున్నాడు. ఇప్పుడు ఫైనల్ ఇయర్, ప్లేస్‌మెంట్లకి కూర్చుంటున్నా. స్క్రీన్ నేనూ చూడలేదు మరి.

ఏడో_అంతస్తు
ఆ పొదిలి మనిషి ఐదేళ్ళ కిందట మా టీమ్‌లో ఉన్నట్టుంది. రాసుకోని చదివేది. ఇప్పుడు మీటింగుల్లో ఆమె నోరు ఆపలేం.

గూడూరు_నిమ్మకాయ
అసలైన హెచ్‌ఆర్ వాష్‌రూమ్‌లో ఉంటదన్నమాట.

పెన్నా_గట్టు
అక్కా, నీకు ఆమె దొరికింది కాబట్టి పనికొచ్చింది. దొరక్కపోతే? మాకు మనిషిని కలవనిచ్చిందే లేదు గదా. నేను అడుగుతుండేది అదే.

పొగాకు_బేళ్ళు
అది నిజమే తమ్ముడూ. దానికి నా దగ్గర జవాబు లేదు.

ల్యాబ్_సార్
ఒంగోలు వైపు ఒక కాలేజీలో పదకొండేళ్ళుగా పాఠాలు చెప్తున్నా. మీ సారు చొక్కా పట్టుకు లాగాడని కోపంగా ఉంది కదా, ఆ సారు తరఫున రెండు మాటలు.

పోయినేడాది నేను ఇరవై మూడు కంపెనీలకి మెయిల్ పెట్టాను. రెండే జవాబులు. ఒకరు ముప్పై మందికి మించి వద్దన్నారు, మా సెక్షన్‌లో అరవై ఆరు. ఎవర్ని వదిలెయ్యమంటారు? ఇంకొకరు శనివారం రమ్మన్నారు. శనివారం ఆ ఆఫీసులో ఎవరూ పనిచెయ్యరు! ఖాళీ కుర్చీలు చూపించారు. ఇక తల్లిదండ్రుల సంతకాలు, ఆడపిల్లలున్నారని లేడీ ఫ్యాకల్టీ, రైల్లో రాత్రంతా లెక్కపెట్టుకుంటూ కూర్చోడం. మధ్యలో ఏజెంట్లు ఫోన్ చేస్తారు, కంపెనీ మేం చూస్తాం, బస్సు మేం చూస్తాం, తలకింత అని. అలసిపోయి చాలా కాలేజీలు వాళ్ళకే అప్పజెప్తున్నాయి. అప్పుడొచ్చేదే మీరు చెప్పిన ఐవీ.

ఇంతా చేసి వెనక్కొస్తే ఏం అడుగుతారో తెలుసా? పిల్లలేం నేర్చుకున్నారని కాదు. జియోట్యాగ్ ఉన్న ఫోటో ఏది అని. కాలేజీకి గ్రేడ్ ఇచ్చే నాక్ వాళ్ళకి చూపించే ఫైల్లో పెట్టాలి. ఒకసారి ఫోటోలో అక్షాంశ రేఖాంశాలు పడలేదని నా ప్రాణం తీశారు.

అద్దంకి_బస్సు
లోగో కాడ ఫోటో ఎందుకో ఇప్పుడర్థమైంది.

బాయిలర్_బాబు
మీకు జియోట్యాగ్, వాళ్ళకి టార్గెట్, పిలకాయలకి సమోసా.

మాగుంట_లేఔట్
అసలు నెల్లూరోళ్ళు హైదరాబాద్ ఎందుకు పోవాల? చెన్నై 175 కిలోమీటర్లు. టైడెల్ పార్క్ ఉంది, ఓఎంఆర్ రోడ్డు పొడుగునా ఐటీ కంపెనీలే. పొద్దున పినాకిని ఎక్కితే సాయంత్రం అదే బండికి వచ్చెయ్యొచ్చు, లాడ్జి ఖర్చు లేదు.

కావలి_కుర్రోడు
పినాకిని మధ్యాహ్నం చెన్నైలో దించి గంట తిరక్కముందే వెనక్కి బయల్దేరుద్ది. స్టేషన్లో ఇడ్లీ తిని రావడమే ఐవీ.

మాగుంట_లేఔట్
సరే, బస్సులో పోండి. హైవేనే గదా. నేను చెప్పేది చెన్నై గురించి, పినాకిని గురించి కాదు.

షార్_పక్కిల్లు
సూళ్ళూరుపేట నించి లోకల్ ట్రైనుంది. ఊరికే చెప్తున్నా.

పెన్నా_గట్టు
ఎక్కడికి పోయినా తలుపు అద్దాలదే గదన్నా. ఏడో_అంతస్తు అన్నా, నేను ఆ మేడమ్‌ని అడిగిందే నిన్నడుగుతా. మొదటి వారం నీకేం పనిచ్చారు?

ఏడో_అంతస్తు
మొదటి వారం ఏ పనీ లేదు. మూడు నెలలు ట్రైనింగ్, తర్వాత నెలన్నర బెంచి, అంటే ప్రాజెక్టు లేకుండా ఖాళీగా కూర్చోడం. నా మొదటి పని ఒక్క లైను మార్చడం. దానికి పదకొండు రోజులు పట్టింది.

పెన్నా_గట్టు
ఒక్క లైనుకి పదకొండు రోజులా?? ఏం లైనన్నా అది?

ఏడో_అంతస్తు
తేదీ. అమెరికా క్లయింటు. వాళ్ళు నెల ముందు రాసి తర్వాత రోజు రాస్తారు, మనం రోజు ముందు రాస్తాం. 04/05 అంటే మనకి మే నాలుగు, వాళ్ళకి ఏప్రిల్ ఐదు. ఒక రిపోర్టులో తేదీ తిరగబడి వస్తుందని టికెట్, అంటే ఫిర్యాదు. పన్నెండు దాటిన తేదీలు చూస్తే తప్పని తెలిసిపోద్ది, పదమూడో నెల లేదు గదా. పన్నెండు లోపువి మాత్రం తప్పుగా ఉండీ సరిగ్గా ఉన్నట్టే కనపడతాయి. అందుకే ఏడాదిన్నర ఎవరూ పట్టుకోలా.

ఇంక పదకొండు రోజుల లెక్క. ఆ కోడ్ చూడ్డానికి నాకు అనుమతి రావడానికే మూడు రోజులు. నా మిషన్లో అది నడవడానికి రెండు రోజులు, ఏదో వెర్షన్ గొడవ, పక్కన కూర్చునే తమిళన్న వచ్చి సరిచేశాడు. ఆ లైను ఎక్కడుందో వెతకడానికి రెండు రోజులు, ఎవరో 2009లో రాసి పోయిన ఫైల్లో. మార్చడానికి ఐదు నిమిషాలు. బో సంబరంగా రివ్యూకి పంపా. సీనియర్ ఒక్కటే రాసింది: "ఇదే తప్పు ఇంకా ఎన్నిచోట్ల ఉందో చూశావా?" చూళ్ళా. చూస్తే ఇంకో మూడుచోట్ల ఉంది. అవి మార్చితే ఒక టెస్ట్, అంటే కోడ్ సరిగ్గా నడుస్తుందో లేదో చూసే చిన్న ప్రోగ్రామ్, ఫెయిలైంది. ఎందుకంటే ఆ టెస్ట్ రాసినోడు తప్పు తేదీనే సరైనదనుకోని రాశాడు. అది తేల్చేసరికి ఇంకో మూడు రోజులు. మిగిలింది గురువారం రాత్రి రిలీజ్ కోసం కాచుకోని కూర్చోడం.

పెన్నా_గట్టు
అన్నా ఇది ఆ పీపీటీలో పెట్టుంటే నేను ఈ పోస్టే రాసేవాణ్ణి కాదు.

ల్యాబ్_సార్
రేపు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ క్లాసులో ఇది చెప్పేస్తున్నా. మీ పేరు చెప్పను.

బాయిలర్_బాబు
నేల అదరలేదు గానీ బాగుంది.

ఫైర్‌ఫాక్స్_ఫ్యాను
పెన్నా_గట్టూ, స్క్రీన్ చూడాలనే అనుకుంటే గేటు లేని ఆఫీసులు ఉన్నాయి. ఫైర్‌ఫాక్స్ బగ్గుల పట్టిక మొత్తం నెట్‌లో బయటే ఉంటుంది, భద్రతకి సంబంధించినవి తప్ప. ఎవరు ఏ తప్పు చెప్పారు, ఎవరు తీసుకున్నారు, రివ్యూలో ఎన్ని తిట్లు తిన్నారు, అంతా చదువుకోవచ్చు. కోడ్‌లో ఎవరేం మార్చారో గుర్తుపెట్టుకోడానికి మీరు ల్యాబ్‌లో వాడే గిట్ ఉంది కదా, దాన్ని 2005లో లైనస్ టోర్వాల్డ్స్ చేసింది లినక్స్ కెర్నల్, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, పని కోసమే. ఆ కెర్నల్ వాళ్ళ వాదనలు కూడా బహిరంగమే. ఆధార్ ఒరిజినల్ అడగరు.

పెన్నా_గట్టు
రాత్రి రెండు గంటలు చదివా. సగం అర్థం కాలా. ఒకచోట ఒకాయన సరిగ్గా అన్న చెప్పినట్టే అడిగాడు, ఇంకెక్కడన్నా ఇదే ఉందా అని. నవ్వొచ్చింది. కానీ పక్కన మనిషి కూర్చోని ఇది ఇందుకు అని చెప్తే వేరు.

ఏడో_అంతస్తు
వచ్చే నెల రెండో శనివారం కోవూరు వస్తుండా, అమ్మకి కంటి ఆపరేషన్ అయింది, చూడ్డానికి. రెండు గంటలు ఖాళీ చేసుకుంటా. ఆఫీసు ల్యాప్‌టాప్ తీసుకురాను, ఆ కోడ్ చూపించను, అది నా ఉద్యోగం. నా సొంత మిషన్లో ఏదన్నా బహిరంగంగా ఉన్న ప్రాజెక్టు తీసుకోని, ఒక బగ్గు పట్టుకోని మీ ముందే మొదలుపెడతా. రెండు గంటల్లో తేలకపోతే తేలలేదని చెప్పి లేచిపోతా, అదీ పనిలో భాగమే. మీ హెచ్‌ఓడీని అడుగు.

ల్యాబ్_సార్
రెండో శనివారం కాలేజీలకి సెలవు కదండీ.

పెన్నా_గట్టు
అడిగా. కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం ఉంటే గెస్ట్ లెక్చర్ కింద పెడతాం, బ్యానర్ కొట్టిస్తాం అన్నారు. లేకపోతే కుదరదంట.

ఏడో_అంతస్తు
లెటర్‌హెడ్ కోసం అడిగితే అనుమతి వచ్చేసరికి నువ్వు పాసైపోతావు. కోవూరోడిగా వస్తా, కంపెనీగా కాదు.

అద్దంకి_బస్సు
బ్యానర్ లేకపోతే జియోట్యాగ్ దేనికి కొడతారు మరి?

మాగుంట_లేఔట్
మా అక్క ట్యూషన్ సెంటర్ ఉంది మాగుంట లేఔట్లో. రెండో శనివారం మధ్యాహ్నం ఖాళీ. బెంచీల్లో ముప్పై మంది పడతారు, ఇరుక్కుంటే నలభై. ప్రొజెక్టర్ లేదు, గోడకి టీవీ ఉంది. ఏసీ లేదు, ముందే చెప్తుండా.

పెన్నా_గట్టు
మా క్లాసులో పందొమ్మిది మంది వస్తామన్నారు. గేటు కాడ ఆగిపోయిన ఐదుగురూ అందులో ఉండారు.

పొగాకు_బేళ్ళు
ప్రకాశం నుంచి రావచ్చా? నేనూ, మా ఫ్రెండ్ ఇద్దరమే. మధ్యాహ్నం మొదలైతే సాయంత్రం బస్సుకి ఇల్లు చేరతాం.

ఏడో_అంతస్తు
రండి. రెండు గంటలకి మొదలుపెట్టి నాలుగుకి ఆపేస్తా.

కావలి_కుర్రోడు
నేనూ ఒకణ్ణి.

గూడూరు_నిమ్మకాయ
సమోసాలు నా బాధ్యత. తలకి రెండు.

మాగుంట_లేఔట్
టీవీ ఎనకాల చూశా, హెచ్‌డీఎంఐ పోర్టు ఉంది, వైరు లేదు. పొడుగు వైరు ఎవరి దగ్గరన్నా ఉందా? టీవీ బాగా పైన కొట్టారు, రెండు మీటర్లది చాలదు.

బాయిలర్_బాబు
మా హాస్టల్లో ఐదు మీటర్లది ఉంది. తెస్తా. నేనూ కూర్చోవచ్చా, మెకానికల్ అయినా?